బండి ముచ్చట్లు: ఆటోమేటిక్ గేర్ ఆయిల్ మార్చాల్నా, ఇడిసిపెట్టాల్నా

పోయిన నెల ఇంజన్ ఆయిల్ గురించి రాసినంక వచ్చిన ఉత్తరాలు, మెసేజిలు చూస్తే సగానికి ఎక్కువ ఆటోమేటిక్ బండ్ల మీదనే ఉన్నయ్. కొన్నేండ్ల కింద మన దిక్కు ఆటోమేటిక్ అంటే హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టర్ బండి అనుకునేటోళ్ళు, ఇప్పుడు నల్గొండ క్లాక్ టవర్ కాడ నిలబడితే మూడు నిమిషాలకొకటి కనిపిస్తది. సెకండ్ హ్యాండ్‌ల కొన్నోళ్ళే ఎక్కువ రాసిన్రు, అందుకే ఈసారి మొత్తం దానికే ఇచ్చినం.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది నల్గొండ. ఇన్నోవా క్రిస్టా డీజిల్ ఆటోమేటిక్, 2018 మోడల్, సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న. 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. గేర్ ఆయిల్ మార్చాల్నా అని ఒక సర్వీస్ సెంటర్ల అడిగితే అది లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోవద్దు అన్నరు. మా మెకానిక్ మిషన్ పెట్టి ఫ్లష్ కొడదాం అంటుండు. మా బావేమో మార్చినోళ్ళ బండ్లే ఖరాబైతున్నయ్, ఊకో అంటుండు. ఎవరి మాట వినాలె?

జవాబు: ముగ్గురి మాటలల్ల తలా ఇంత నిజం ఉందన్నా, పూర్తిగ ఎవరిదీ కాదు.

ముందు లైఫ్‌టైమ్ సంగతి. ఆ మాట ఎవరి లైఫ్‌టైమ్ అని అడగాలె, కంపెనీ లెక్కలో వారంటీ, ఆ తర్వాత కొన్నేండ్లు బండి నడిస్తే వాళ్ళ పని అయిపోయినట్టే, కానీ మనం ఇక్కడ బండిని 15 ఏండ్లు నడపాలని కొంటం. జర్మనీల జెడ్‌ఎఫ్ అని గేర్‌బాక్సులు తయారుచేసే కంపెనీ ఉంది, బిఎమ్‌డబ్ల్యూ లాంటి బండ్లల్ల ఉండే 8 గేర్ల బాక్స్ వాళ్ళదే. ఆ బాక్సుకు బండి కంపెనీలు లైఫ్‌టైమ్ అంటయ్, తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యల, లేకుంటే 8 ఏండ్లకు మార్చుమంటది. నేనైతే చేసినోడి మాటనే వింట. మీ మాన్యువల్‌ల సర్వీస్ పట్టిక పేజీల అడుగున చిన్న అక్షరాలల్ల కఠిన పరిస్థితులు అని ఒక వరస ఉంటది, విపరీతమైన వేడి, ఆగి ఆగి పోయే ట్రాఫిక్, ఘాట్ రోడ్లు, లోడు లాగడం, ఇట్లాంటివి దాంట్ల రాస్తరు. మే నెలల 44 డిగ్రీలల్ల ఏసీ ఏసుకొని నార్కట్‌పల్లి దాక, సంక్రాంతికి పంతంగి టోల్ కాడ గంటలు గంటలు ఇంచు ఇంచు జరుపుకుంట పోయేటోళ్ళం, మనది మామూలు వాడకం ఎట్లయితది? ఆయిల్ మామూలుగ 80, 90 డిగ్రీల కాడ పనిచేస్తది. అట్లాంటి జామ్‌ల గాలి తగలక ఇంకా పైకి పోతది. ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ పాడయ్యే స్పీడు దాదాపు రెండింతలైతదని ఒక మోటు లెక్క ఉంది. అంటే కిలోమీటర్ల మీటర్ ఒక్కటే చూస్తే సరిపోదు.

ఇగ బావ మాట. ఎన్నడూ మార్చని బాక్సులు మార్చినంక పోయిన కథలు అబద్ధం కాదు, కానీ కారణం వేరే. లోపల క్లచ్ ప్లేట్లు అరిగీ అరిగీ వాటి పొడి ఆయిల్‌లనే కలిసి ఉంటది, అప్పటికే క్లచ్‌లు జారుతున్న బాక్సుకు కొత్త ఆయిల్ పోస్తే ఆ జారుడు బయటపడతది, జనం ఆయిల్‌ను తిడతరు. దాని మీద మిషన్ పెట్టి ప్రెషర్‌తోని ఫ్లష్ కొడితే అడుగున కూసున్న మడ్డి లేచి వాల్వ్ బాడీల (ఆయిల్‌ను ఎటు పంపాల్నో చూసే భాగం) సన్న రంధ్రాలకు అడ్డంపడ్తది. అందుకని ఎన్నడూ మార్చని పాత బండికి ఫ్లష్ మిషన్ నేనొద్దంట. ముందు బండి నడిపి చూడండి. పి నుంచి డి లకు ఏస్తే రెండు సెకండ్లు ఆలోచించి టక్కుమని దెబ్బ కొడ్తుందా, గేర్ మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారి మీదికి ఉరికి మళ్ళ దిగుతుందా, 50, 60 స్పీడ్‌ల రోడ్డు గతుకులమీద పోయినట్టు వణుకుతుందా? ఇవేం లేకుంటే మీ బాక్స్ బాగానే ఉంది, ధైర్యంగ మార్చుకోండి. ఉంటే ముందు గేర్‌బాక్సులే చేసే మనిషికి చూపించినంకనే ఆయిల్ సంగతి.

మార్చే తీరు ఏందంటే, కింద బోల్టు విప్పి కారినంత కార్చి మళ్ళ అంతే పోసుడు. దీంట్ల ఒక చిక్కు ఉంది, ఇంజన్ ఆయిల్ లెక్క మొత్తం రాదు. టార్క్ కన్వర్టర్‌ల (ఇంజన్ జోరును ఆయిల్‌తోని గేర్‌బాక్సుకు అందించే భాగం), కూలర్ పైపులల్ల ఉన్నది అట్లనే ఉంటది. బాక్సుల మొత్తం 8 లీటర్లు ఉందనుకోండి, బోల్టు విప్పితే 4 వస్తది, అంటే మార్చినంక సగం కొత్తది సగం పాతది. కొన్నిరోజులు నడిపి ఇంకోసారి చేస్తే 75 శాతం కొత్తది, మూడోసారికి 87 దాటుతది. కల్లుకుండను ఒక్కసారి కడిగితే వాసన పోతదా? గిదీ అంతే. మూడుసార్లు వరుసగ చేయించేటంత పైసలు ఇప్పుడు లేకుంటే ఒక్కసారి చేయించి, మళ్ళ 10,000 కిలోమీటర్లకు ఇంకోటి చేయించుకోండి, ఏం మునిగిపోదు. పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తట్ట) విప్పి ఫిల్టర్ మార్చే పని కూడా ఈ బండ్లకు ఉంటది, మీది 1,30,000 తిరిగింది కాబట్టి మొదటిసారి ఆ పని కూడా చేయించండి. పాన్ అడుగున అయస్కాంతాలు ఉంటయ్, వాటికి బూడిద రంగుల మెత్తటి పేస్ట్ అంటి ఉంటే భయపడకండి, అది మామూలు అరుగుదల. చేతికి గుచ్చుకునే ఇనుప ముక్కలు దొరికితే మాత్రం పాన్ అక్కడనే పెట్టి ఫోటో తీసుకొని నాలుగు మాటలు అడగండి.

ఇగ అసలు ముచ్చట, దీని గురించి ఎవరూ చెప్పరు. ఈ బండ్లకు డిప్‌స్టిక్, అంటే ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, ఉండదు. కింద ఇంకో బోల్టు ఉంటది, ఇంజన్ నడుస్తుండంగ, బండి నాలుగు దిక్కుల సమానంగ ఉండంగ, లీవర్ పి నుంచి డి దాక ఒకసారి తిప్పి తెచ్చినంక, ఆయిల్ ఒక వేడికి వచ్చినప్పుడు ఆ బోల్టు విప్పాలె. సన్నగ దారంలెక్క కారి ఆగేలోపట మూసేస్తే లెవెల్ సరిపోయినట్టు. ఏమీ రాకుంటే ఇంకా పొయ్యాలె. ఈ వేడి ఎంత అనేది ఒక్కో బాక్సుకు ఒక్కో లెక్క, టయోటాలో ఎక్కువ బండ్లకు 40 డిగ్రీల అటుఇటు చెప్తరు. ఇప్పుడు చెప్పండి, మన దగ్గర మేల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద ఆపిన బండి ఆయిల్ ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందే 40 దాటి ఉంటది. మీరు నల్గొండల నుంచి హైవే మీద వచ్చి నేరుగ ర్యాంప్ ఎక్కిస్తే 80 ఉంటది. ఆయిల్ వేడికి పొంగుతది, 8 లీటర్ల మీద 40 డిగ్రీలు తేడా వస్తే దాదాపు పావు లీటరు పొంగు. అది బయటికి కారిపోతే లెవెల్ సరిగనే ఉందనుకుంటరు, చల్లారినంక పావు లీటరు తక్కువ. తక్కువైతే పంప్ గాలి పీల్చి నురుగొస్తది, క్లచ్‌కు ప్రెషర్ రాక జారుతది. ఎక్కువ పోస్తే తిరిగే గేర్లు ఆయిల్‌ను చిలికి మళ్ళ నురుగే. అందుకని ఈ పని పొద్దున ఆరింటికి, రాత్రంత ఆపిన బండితోని మొదలుపెట్టమనండి. స్కానర్ (బండి కంప్యూటర్‌కు తగిలించి చదివే మిషన్) పెట్టి ఆయిల్ టెంపరేచర్ చూసుకుంట చేసే మెకానిక్ దగ్గరికే పోండి. స్కానర్ లేదంటే ఇంకొకడి దగ్గరికి పోండి, బ్రాండ్ గురించి కన్నా దీని గురించే నేను కొట్లాడ్త. చలికాలంల చేయించుకుంటే ఇంకా సుఖం, డిసెంబర్‌ల మెకానిక్‌కు టైమ్ కూడా ఉంటది.

ఆయిల్ మాత్రం టయోటా డబ్ల్యూఎస్ అని డబ్బా మీద రాసి ఉన్నదే. ఇంకేదో కంపెనీది తీసుకుంటే దాని మీద డబ్ల్యూఎస్‌కు సరిపోతదని స్పష్టంగ రాసి ఉండాలె, కౌంటర్ మీద కూసున్నోడు నడుస్తది అన్నంత మాత్రాన కాదు. మొదటిసారి అయినంక నా లెక్కల ప్రతి 60,000 కిలోమీటర్లకు ఒకసారి.

ప్రశ్న: జడ్చర్ల నుంచి రాస్తున్న అన్నా. మాది మారుతి ఆటోమేటిక్, చిన్న బండి. లీవర్ మీద ఆర్, ఎన్, డి, ఎమ్ అని ఉంటది. దీనికి 5 లీటర్ల ఎర్ర ఆయిల్ పొయ్యాలె అని ఒకాయన అంటుండు. నిజమేనా?

జవాబు: కాదు తమ్ముడు, పైసలు జేబుల పెట్టుకో. నీ లీవర్ మీద పి లేదు కదా, అదే గుర్తు. నీది ఏఎమ్‌టి, మారుతి వాళ్ళు 2014ల సెలెరియోతోని మన దేశానికి తెచ్చినది. లోపల మాన్యువల్ గేర్‌బాక్సే ఉంటది, మామూలు క్లచ్ ప్లేట్ ఉంటది, నీ కాలు, చెయ్యి చేసే పనిని ఒక హైడ్రాలిక్ యూనిట్ చేస్తది అంతే. దాంట్ల మాన్యువల్ గేర్ ఆయిల్ పడుతది, లెక్క కూడా చిన్నదే, ఆ హైడ్రాలిక్ యూనిట్‌కు వేరే ఆయిల్ ఉంటది, దాని డబ్బా మూత మీద ఏది పొయ్యాలో రాసి ఉంటది. టార్క్ కన్వర్టర్ బాక్సుల ఎర్ర ఆయిల్‌కు దీనికి సంబంధమే లేదు. జామ్‌ల బండి జర జర జరుపుకుంట పోతే నీకు అరిగేది క్లచ్ ప్లేట్, మాన్యువల్ బండి లెక్కనే. ఎక్కుడు మీద యాక్సిలరేటర్‌తోని నిలబెట్టకు, బ్రేక్ మీద నిలబెట్టు.

ఇదే ప్రశ్న డిఎస్‌జి (ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలల్ల వచ్చే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) బండ్ల వాళ్ళూ అడిగిన్రు. 7 గేర్ల డ్రై క్లచ్ బాక్స్ అయితే క్లచ్‌లు ఆయిల్‌ల మునగవు, అది వేరే సంగతి. 6 గేర్ల తడి క్లచ్ బాక్సుకు మాత్రం 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ కంపెనీ చెప్పిందే, దాన్ని దాటనీయకండి.

ప్రశ్న: వనపర్తి. మాది హోండా సివిటి. పక్క ఊరి షాపుల ఆటోమేటిక్ ఆయిల్ అంటే ఎర్రది పోసిన్రు. నాలుగు రోజుల నుంచి సన్నగ వీణ మీటినట్టు కూత వస్తుంది. ఇంటావిడ బండి అమ్మేద్దాం అంటుంది.

జవాబు: అమ్మేటంత పని లేదు సర్, కానీ ఈ ఉత్తరం చదివేటాళ్ళకు బండి ఆపేసి ఉంటే మంచిది. సివిటిల పండ్ల గేర్లు కాదు పని చేసేది, రెండు పుల్లీల నడుమ స్టీల్ బెల్టు పట్టుకొని తిరుగుతది, ఆ పట్టు అంతా ఆయిల్ మీదనే ఆధారపడి ఉంటది. సివిటి ఆయిల్‌ను ఇనుముకు ఇనుము జారకుండ పట్టేటట్టు తయారుచేస్తరు, ఎర్ర ఏటిఎఫ్‌ను (మామూలు ఆటోమేటిక్ గేర్ ఆయిల్) క్లచ్ ప్లేట్లు దెబ్బ లేకుండ మెత్తగ కలిసేటట్టు తయారుచేస్తరు, ఇద్దరి పని ఇద్దరిది. మీ బండికి హోండా హెచ్‌సిఎఫ్-2 అని ఉంటది, పాత మోడల్ అయితే ముందు తరం ఆయిల్ ఉండొచ్చు, మాన్యువల్ చూసుకోండి. బండిని లారీ మీద ఎక్కించి తీస్కపోయి, కార్చి పోసుడు రెండు మూడుసార్లు అక్కడనే, మధ్యల ఇంజన్ కొద్దిగ నడిపి చేయించండి. ఆ తర్వాత కూత పోతే బతికిపోయినట్టే. పోకుంటే బెల్టు, పుల్లీల మీద గీతలు పడ్డయేమో విప్పి చూడాలె, అది ఖర్చు పని. పోసిన షాపాయన దగ్గర బిల్లు ఉంటే దాచిపెట్టండి, ఏ ఆయిల్ పోసిండో రాసి ఉంటది.

ఈ జారుడు, పట్టు గురించి చెప్తుంటే ఒకటి గుర్తొచ్చింది. 1970ల మొదట్ల దాక అమెరికాల ఏటిఎఫ్‌ల స్పెర్మ్ వేల్ అనే తిమింగలం నూనె కలిపేటోళ్ళు, క్లచ్‌లు మెత్తగ పట్టడానికి దాన్ని మించింది అప్పట్ల లేదు. తిమింగలాలను కాపాడే చట్టం వచ్చి అది బంద్ అయినంక మొదట్ల చేసిన ఆయిల్స్ సరిగ కుదరక గేర్‌బాక్సులు మస్తు పాడైనయ్. రంగు ఎర్రగ ఎందుకంటే లీక్ అయితే ఇంజన్ ఆయిల్ కాదని గుర్తు పట్టడానికి ఏసిన రంగే, దాంతోని బాక్సుకు ఏం లాభం లేదు. ఎర్రగుంది కదా అని కొనకండి, ఇప్పుడు ఆకుపచ్చవి, నీలంవి కూడా వస్తున్నయ్.

ప్రశ్న: నమస్కారం సర్. దేవరకొండ దగ్గర స్కూల్‌ల టీచర్‌ను. మేము శ్రీశైలం ఎక్కువ పోతం. ఘాట్ దిగేటప్పుడు మా వారు లీవర్ ఎన్‌ల ఏస్తరు, డీజిల్ మిగులుతదంటరు. కింద దిగేసరికి బ్రేకుల నుంచి కాలిన వాసన. గేర్‌బాక్సుకు ఏమన్నా అయితదా?

జవాబు: టీచరమ్మా, సార్‌కు ఈ పేజీ చూపించండి. డిలో ఉండి కాలు తీసేస్తే ఈ కాలం ఇంజన్లకు ఇంధనం సరఫరానే ఆగిపోతది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతయ్. ఎన్‌ల ఏస్తే ఇంజన్ ఆగకుండ ఉండనీకి ఇంధనం తాగుకుంటనే ఉంటది. మిగిలేది ఏం లేదు, పైగ ఇంజన్ బ్రేకింగ్ పోయి భారం మొత్తం బ్రేకుల మీద పడ్తది, కాలిన వాసన అదే. ఈగలపెంట దాటి డ్యామ్ దిక్కు దిగే మలుపుల మీద బ్రేక్ ఫెయిలైతే ఏం చేస్తరు? లీవర్‌ను ఎస్ లేకుంటే మాన్యువల్ మోడ్‌ల పెట్టి 2, 3 గేర్ల దిగమనండి, ఇంజన్ గట్టిగ అరుస్తది, అరవనీయండి. కింద దిగినంక బోలెడంత వేడి ఉంటది బాక్సుల, వెంటనే ఇంజన్ ఆపకుండ ఒక రెండు నిమిషాలు ఆన్‌లనే ఉంచితే కూలర్‌ల ఆయిల్ తిరుగుతది. మన్ననూర్ కాడ అడవి చెక్‌పోస్ట్ గేటు రాత్రి మూసేస్తరు, అడవిల రాత్రి ఆగే ముచ్చట లేదు, అందుకని పైన ఏదన్న సమస్య అనిపిస్తే గేటు దాటకముందే ఆలోచించండి.

ఇంకోటి, బండి ఆగిపోతే తాడు కట్టి గుంజుకపోకండి. ఆటోమేటిక్ బాక్సుల ఆయిల్ పంప్‌ను తిప్పేది ఇంజన్, ఇంజన్ ఆగి చక్రాలు తిరిగితే లోపల గేర్లు, బేరింగులు ఆయిల్ లేకుండ తిరుగుతయ్, అచ్చంపేట దాక గుంజితే గేర్‌బాక్స్ మీద కూడా ఖర్చు పడుతది. ప్లాట్‌ఫాం లారీ పిలవండి, లేకుంటే ఇంజన్ తిప్పే చక్రాలు లేపి గుంజే బండి.

ప్రశ్న: అన్న, నేను గద్వాల్‌ల ఇంటర్ చదువుతున్న, నాన్న బండికి నేనే ఆయిల్ మార్చొచ్చా? యూట్యూబ్‌ల చూసిన.

జవాబు: మార్చొచ్చు కానీ నాన్న పక్కన ఉన్నప్పుడే. మొదటి మాట, కింది బోల్టు విప్పే ముందు పోసే బోల్టు విప్పి చూసుకో. అది తుప్పుపట్టి రాకుంటే, ఉన్న ఆయిల్ కార్చేసి పొయ్యలేక బండి మీదనే కూసుంటవ్. జాకీ మీద ఒక్కటే బండిని నమ్మి కింద దూరకు, స్టాండ్లు పెట్టు. నాలుగు చక్రాలు ఒకే ఎత్తుల లేకుంటే లెవెల్ తప్పు చూపిస్తది. వచ్చిన ఆయిల్‌ను గీతలు ఉన్న డబ్బాల కొలుచుకో, చల్లగ ఉన్నప్పుడు అంతే పోసి, తర్వాత వేడి చూసి లెవెల్ సరిచెయ్యి. బోల్టుకు కొత్త వాషర్ ఏసి టార్క్ రెంచ్‌తోని బిగించు, అల్యూమినియం కేసింగ్‌ల మరలు పోతే నాన్న మాట్లాడడు. వచ్చిన పాత ఆయిల్ కాలువల పొయ్యకు, చెట్టు కింద పొయ్యకు, మూత ఉన్న డబ్బాల పోసి మెకానిక్ షెడ్డుల ఇయ్యి, వాళ్ళ దగ్గరికి పాత ఆయిల్ కొనేటోళ్ళు వస్తరు.

ప్రశ్న: సూర్యాపేట నుంచి. ఆయిల్ చూస్తే లేత గులాబీ రంగుల చిక్కగ ఉంది, రేడియేటర్‌ల నీళ్ళు కూడా తగ్గుతున్నయ్. మార్చేస్తే సరిపోతదా?

జవాబు: సరిపోదు. రేడియేటర్‌ల ఉండే ఆయిల్ కూలర్ లోపల చీలి కూలెంట్ గేర్ ఆయిల్‌ల కలుస్తుంది. క్లచ్ ప్లేట్ల మీద అతికించిన పొర నీళ్ళు తగిలితే ఊడి వస్తది, కాబట్టి ఇంక ఒక్క కిలోమీటర్ కూడా నడపకండి. రేడియేటర్ మార్చినంకనే ఆయిల్, అది కూడా చాలాసార్లు కార్చి పోస్తే తప్ప పోదు. వానల్ల కాలువ మీది కల్వర్టు దాటేటప్పుడు బండి మునిగినోళ్ళు కూడా ఇట్లనే ఆయిల్ రంగు చూసుకోండి, గేర్‌బాక్స్ మీద గాలి పోయే చిన్న గొట్టంల నుంచి కూడా నీళ్ళు లోపలికి పోతయ్.